నీరుగొబ్బి: లేత ఆకు నుంచి తాల్మఖానా గింజ దాకా

తొలకరికి చెరువు శిఖంలో మొలుస్తుంది. దీపావళి నాటికి కణుపు కణుపునా ఊదా పూలు తొడుగుతుంది. శివరాత్రి దాటేసరికి ఎండి, కాలు పెట్టలేని ముళ్ళకంపగా మిగులుతుంది. అదే నీరుగొబ్బి. నీటిగొబ్బి అని కూడా అంటారు. చాలా ఊళ్ళలో దానికి పేరే లేదు, ‘ఆ ముళ్ళ మొక్క’ అనేసి ఊరుకుంటారు. పంట బోదెల పక్కన, అలుగు కింద, వరి గట్ల మీద, మురుగు కాల్వల ఒడ్డున ఎక్కడ పదును నిలిస్తే అక్కడ ఉంటుంది.

ఈ మొక్కతో పని ఉన్నవాళ్ళు మొదట పట్టుకోవలసినవి రెండు: ఏ కాలంలో కోయాలి, ఏ నీటిలోది కోయాలి. ఆకు ఒక కాలంలో పనికొస్తుంది, గింజ ఇంకో కాలంలో. ఆకు అదను దాటాక కొడవలి పట్టుకుని వెళ్తే చేతికి ముళ్ళే మిగులుతాయి. అదను సరిగ్గా కుదిరినా, మొక్క నిలబడ్డ నీళ్ళు మంచివి కాకపోతే ఆ ఆకు ఇంటికి తేవద్దు.

పేర్లలో తికమక

సంస్కృతంలో కోకిలాక్షము, ఇక్షురము. గింజ కోకిల కన్నులా ఎర్రగా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు. తమిళులకు నీర్ముళ్ళి. బెంగాలీలకు కులేఖారా, అక్కడ రక్తం తక్కువగా ఉన్నవాళ్ళకు మంచిదని కట్టలు కట్టి కూరగాయల బజారులోనే అమ్ముతారు. మన దగ్గర అదే మొక్క గట్టు మీద ఎండిపోతుంది. శాస్త్రీయ నామం హైగ్రోఫిలా ఆరిక్యులేటా. పాత పుస్తకాల్లో ఆస్టరకాంథా లాంగిఫోలియా అనో, హైగ్రోఫిలా స్పైనోసా అనో కనిపిస్తే అది కూడా ఇదే. అడ్డసరం, నేలవేము, కనకాంబరం ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే.

గింజలను మూలికల దుకాణాల్లో తాల్మఖానా అంటారు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. పేలాల్లా తెల్లగా, గుండ్రంగా ఉండే ఫూల్ మఖానా వేరు. అది బీహార్ వైపు చెరువుల్లో పెంచే యూరియేల్ ఫెరాక్స్ అనే కలువ జాతి మొక్క గింజను వేయించి పేల్చగా వచ్చేది. ఆ మొక్కకూ ముళ్ళుంటాయి, పూవూ ఊదాగానే ఉంటుంది. అయినా రెండింటికీ చుట్టరికం లేదు. ఒకటి గుప్పెడు తినే తిండి, ఇంకొకటి చెంచాతో కొలిచి తీసుకునే మందు గింజ. మఖానా అన్న మాట చూసి తాల్మఖానాను గిన్నెడు పాయసంలో పోస్తే జిగురు ముద్ద తయారవుతుంది, కడుపూ పాడవుతుంది.

గుర్తుపట్టడం

మొక్క రెండడుగుల నుంచి నాలుగైదు అడుగుల దాకా నిటారుగా లేస్తుంది, కొమ్మలు పెద్దగా వేయదు. కాండాన్ని రెండు వేళ్ళ మధ్య తిప్పి చూస్తే పలకలు తగులుతాయి. కణుపుల దగ్గర ఉబ్బి, గరుకు నూగుతో ఉంటుంది.

అసలు గుర్తు కణుపులో ఉంది. ముదిరిన మొక్క ప్రతి కణుపు దగ్గరా ఆరు ఆకులు చుట్టూ పేర్చినట్టుంటాయి. వాటిలో రెండు పెద్దవి, బల్లెం మొనలా సన్నగా జానెడు దాకా సాగుతాయి. మిగతా నాలుగూ వేలెడు కూడా ఉండవు. ఒక్కో ఆకు మొదట్లో ఒక్కో ముల్లు, అంటే కణుపుకు ఆరు. లేత పసుపు రంగులో, తిన్నగా, అంగుళం అంగుళంన్నర పొడవున బయటికి పొడుచుకుని ఉంటాయి. ముల్లు ఆకు మొదట్లోంచి వస్తుంది, ఆకు మీద గాని అంచున గాని ఉండదు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం పొరపాట్లు తప్పుతాయి.

పూలు కూడా కణుపు చుట్టూనే, జతలు జతలుగా ఎనిమిది దాకా వస్తాయి. పూవు అంగుళం పైన పొడవు, పైపెదవి కిందిపెదవిగా విడిపోయి ఉంటుంది. కిందిపెదవికి మూడు తమ్మెలు, వాటి నడుమ ముడతల దగ్గర పసుపు మచ్చ. రంగు నీలి ఊదా నుంచి వంకాయ రంగు దాకా మారుతుంది.

దీంతో తికమకపడే మొక్కలు కొన్ని ఉన్నాయి. నేలములక పూవు కూడా ఊదాయే, అయితే అది అయిదు రేకల నక్షత్రం. దానికి ముళ్ళు ఆకుల మీదే ఉంటాయి, పసుపు పచ్చని గుండ్రటి కాయలు కాస్తుంది. దాన్ని కూర వండకూడదు. ముళ్ళగోరింట మెట్ట నేలది, పూవు పసుపు. డిసెంబరాలు పెరటి మొక్కలు, నీళ్ళలో నిలవవు. కొన్నిచోట్ల వాటినే గొబ్బిపూలు అంటారు కాబట్టి పేరును బట్టి పోల్చుకోకండి. కాయను తడిపితే టప్పున పేలే రుయెల్లియాకు ఊదా గంట పూవు ఉంటుంది గాని ముల్లు ఉండదు. కోరింగ లాంటి మడ అడవుల దగ్గర ఉప్పునీటి ఒడ్డున ముళ్ళ ఆకుల అకాంథస్ గుబుర్లు కనిపిస్తాయి. దానికి ముళ్ళు ఆకు అంచుకు ఉంటాయి, ఆకు మందంగా మెరుస్తుంది. బ్రహ్మదండి సంగతి వేరే చెప్పాలి: పూవు పసుపే అయినా ఎండిన కంపలో అది కలిసిపోయి గింజలు రాలితే ప్రమాదం. దాని గింజలు విషం.

పూవు లేని లేత మొక్కను ఆకు చూసి ఖాయం చేసుకోవడం కష్టం. కొత్తవాళ్ళు మొదటి ఏడాది ఏమీ కోయకుండా, పూత కాలంలో చోటును గుర్తు పెట్టుకుని, మరుసటి తొలకరికి అక్కడికే వెళ్ళడం మేలు. ఎండిన కంప కింద, గింజ రాలిన చోటే మళ్ళీ మొలుస్తుంది.

ఏ నీటిలోది కోయాలి

నీటి అంచున పెరిగే మొక్కలు చాలావరకు ఆ నీటిలో, బురదలో ఉన్న భారలోహాలను వేళ్ళతో లాక్కుంటాయి. కడిగితే పోయేది పై మురికి, లోపల చేరింది పోదు, ఉడికించినా పోదు. కాబట్టి పట్టణాల మురుగు కలిసే కాల్వలు, ఫ్యాక్టరీల నీళ్ళు దిగే వాగులు, మూసీ దిగువన ఉన్న బోదెలు పూర్తిగా వదిలేయండి. హైవే పక్క గుంటలూ అంతే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో రొయ్యల, చేపల చెరువుల నీళ్ళు వదిలే డ్రెయిన్ల ఒడ్డున నీరుగొబ్బి ఏపుగా ఉంటుంది, చూస్తే ఆశ పుడుతుంది. ఆ ఏపు నీళ్ళలో కలిసిన ఎరువుల వల్ల వచ్చింది. దాన్ని ముట్టుకోకండి.

వరి గట్ల మీది మొక్క మంచిదే, రైతును అడిగి కోస్తే. కలుపు మందు, పురుగుమందు ఎప్పుడు కొట్టారో అడగండి. నెల రోజుల్లోపు కొట్టి ఉంటే వదిలేయండి. గట్టు మీది మొక్కకు మందు కొట్టలేదని చెప్పినా, పక్క మడిలో కొట్టింది గాలికి వచ్చి పడుతుంది.

వాన నీళ్ళతో నిండే ఊరి కుంట, పైన పొలాలు గాని ఇళ్ళు గాని లేని చెరువు శిఖం, అడవి అంచు వాగు మంచి చోట్లు. అక్కడ కూడా ఒక చిక్కుంది. పశువులు దిగే నీళ్ళలో నత్తలుంటే కార్జపు జలగలు, అంటే కాలేయంలో చేరి బతికే పురుగులు, ఉండే అవకాశం ఉంది. ఆ జలగ పిల్లలు నత్తలోంచి బయటికొచ్చి, నీటి మొక్కల కాడలకూ ఆకులకూ అతుక్కుని, కంటికి కనిపించనంత చిన్న గూళ్ళు కట్టుకుంటాయి. పచ్చి ఆకు నమిలితే అవి మనిషి కాలేయం దాకా వెళ్తాయి. కడగడం వల్ల గట్టిగా అంటుకున్న గూళ్ళన్నీ ఊడవు. మసిలే నీళ్ళలో ఉడికితే చస్తాయి. అందుకని చెరువులోంచి తెచ్చిన నీరుగొబ్బిని పచ్చడిగా నూరడం, మిక్సీలో వేసి పచ్చి రసం తాగడం వద్దు. పచ్చి రసం మంచిదని ఎవరు చెప్పినా ఉడికించే తాగండి.

లేత ఆకు కోయడం

మృగశిర, ఆరుద్ర కార్తెల వానలకు మొలక వస్తుంది. ఆషాఢం చివరికి మొక్క జానెడు దాటుతుంది. శ్రావణ భాద్రపదాలు ఆకుకు అదను. హస్త, చిత్త కార్తెలు వచ్చేసరికి కణుపుల్లో మొగ్గ కడుతుంది, ఆకు పీచుబారుతుంది, ముల్లు గట్టిపడుతుంది. మొగ్గ కనిపించాక కూర ఆకు కోయడం ఆపేయండి.

కోతకు కావలసినవి: పొడుగాటి మూతి ఉన్న కత్తెర, తోలు చేతి తొడుగులు, మోకాలి దాకా రబ్బరు బూట్లు, ఒక కర్ర. గుడ్డ తొడుగుల్లోంచి ముల్లు దిగుతుంది. కర్ర పాముల కోసం. గుబురును ముందు తట్టి, ఆగి, అప్పుడు చెయ్యి పెట్టండి. కాలికి పుండో, పగులో ఉంటే నిలవ నీళ్ళలో దిగవద్దు. ఎలుకలు తిరిగే పొలాల నీటిలో ఎలుక జ్వరం అంటుకునేది ఆ పగుళ్ళలోంచే.

చిగురును పైనుంచి నాలుగైదు అంగుళాలు కత్తిరించండి. గోటితో నొక్కితే తెగే కాడ అయితే లేతది, గోరు దిగకపోతే ముదురు. చిగురు తుంచిన మొక్క పక్క కొమ్మలు వేస్తుంది, పదిహేను ఇరవై రోజుల్లో మళ్ళీ కోతకు వస్తుంది. ఇలా రెండుమూడు కోతలు తీయొచ్చు, పూత కూడా కొంచెం వెనక్కి పోతుంది. వేరుతో పీకితే ఆ ఏటికి ఆ మొక్క పని అయిపోయినట్టే. ఒకచోట పది మొక్కలుంటే మూడు నాలుగింటిని అసలు ముట్టుకోకుండా గింజకు వదలండి. వచ్చే ఏటి మొక్కలు ఆ గింజల్లోంచే రావాలి.

ఆకు వలవడంలో ఒక పద్ధతి ఉంది. కాడను తలకిందులుగా పట్టుకుని ఒక్కో ఆకును మొదట్లో ముల్లుకు అర అంగుళం పైన కత్తిరించి గిన్నెలో పడనివ్వండి. గోంగూర దూసినట్టు దూస్తే ముళ్ళూ ఆకుతోపాటే వస్తాయి, కూరలో ఒక్క ముల్లు పడినా గొంతుకు ప్రమాదం. వలిచిన ఆకును తెల్లటి గుడ్డ మీద పరిచి ఒకసారి చూసుకోండి. పసుపు ముళ్ళు తెల్లగుడ్డ మీద కన్నా నల్లటి పళ్ళెంలో బాగా కనిపిస్తాయనుకుంటే అదే వాడండి.

గొంగళి పురుగులు కనిపిస్తాయి. నలుపు మీద కొమ్మల్లాంటి ముళ్ళతో ఉండేవి సీతాకోకచిలుకల పిల్లలు. నారింజ రెక్కల మీద నెమలికన్ను లాంటి మచ్చలుండే సీతాకోకచిలుక గుడ్లు పెట్టే మొక్కల్లో ఇది ఒకటి. ఆ కొమ్మను వదిలేసి పక్కది కోసుకోండి.

వండటం

ఉప్పు వేసిన నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, మూడుసార్లు నీళ్ళు మార్చి కడగండి. ఆకు మీది గరుకు నూగు ఉడికితే మెత్తబడుతుంది, వేపుడులో పచ్చిగా మిగిలితే నాలుకకు గుచ్చుకుంటుంది. అందువల్ల మొదటిసారి పప్పులోనే వండండి.

నలుగురికి: వలిచిన ఆకు 200 గ్రాములు, కందిపప్పు 100 గ్రాములు, పచ్చిమిర్చి మూడు, ఉల్లిపాయ ఒకటి, పసుపు చిటికెడు, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు తగినంత. పప్పును అరగంట నానబెట్టి, సన్నగా తరిగిన ఆకు, మిర్చి, ఉల్లి, పసుపు, రెండున్నర కప్పుల నీళ్ళతో కుక్కర్లో పెట్టి మూడు నాలుగు కూతలు రానివ్వండి. చింతపండు పులుసు, ఉప్పు తర్వాత పోసి అయిదు నిమిషాలు మరగనివ్వండి. పులుపు ముందే పోస్తే పప్పు పలుకుగా ఉండిపోతుంది. నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి రెబ్బలు ఆరేడు, కరివేపాకు తాలింపు. రుచి కాస్త చేదు, కాస్త వగరు. వెల్లుల్లి తగ్గిస్తే ఆ వగరు పైకి తేలుతుంది.

వేపుడు కావాలంటే ఆకును ముందు మసిలే ఉప్పు నీళ్ళలో ఏడెనిమిది నిమిషాలు ఉడికించి, పిండి, అప్పుడు పెసరపప్పుతోనో కొబ్బరితోనో వేయించండి. ఆకు మాత్రం ముదురుది వద్దు. ముదురు ఆకును ఎంతసేపు ఉడికించినా నారే.

బెంగాల్ ఇళ్ళలో చేసే రసం పద్ధతి తేలిక. కడిగిన ఆకు గుప్పెడు, నీళ్ళు అర లీటరు, సగానికి మరిగేదాకా సన్న సెగ మీద ఉంచి వడకట్టాలి. మొదటిరోజు చిన్న గ్లాసులో సగం తాగి చూడండి. ఇది మూత్రాన్ని జారీ చేసే మొక్క, కాబట్టి పొద్దున తాగాలి. రాత్రి తాగితే నిద్ర చెడుతుంది.

ఈ ఆకును రక్తహీనతకు వాడటం ఎప్పటినుంచో ఉంది, ఆకులో ఇనుము ఉన్న మాటా నిజం. అయితే ఆకుకూరల్లోని ఇనుమును శరీరం కొద్దిగానే పట్టుకుంటుంది. చింతపండు, నిమ్మరసం లాంటి పులుపు తోడైతే కొంత మెరుగు. భోజనం వెంటనే టీ తాగితే అదీ తగ్గిపోతుంది. హిమోగ్లోబిన్ బాగా తగ్గినవాళ్ళు, ముఖ్యంగా గర్భిణులు, డాక్టరు రాసిన మాత్రలు ఆపి ఈ కూర మీద ఆధారపడకూడదు. గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, బీపీకో షుగరుకో మందులు వాడేవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా రసం గాని గింజ గాని మొదలుపెట్టవద్దు. అప్పుడప్పుడూ పప్పులో తినే కూర సంగతి వేరు, రోజూ గ్లాసులతో తాగడం వేరు.

గింజ రాబట్టడం

పూత రాలాక కణుపుల చుట్టూ ఉన్న గుత్తి పచ్చదనం పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. సంక్రాంతి నుంచి శివరాత్రి మధ్య, చోటును బట్టి, ఇది జరుగుతుంది. ఒక్కో కాయ వడ్లగింజ కన్నా కాస్త లావుగా ఉంటుంది, లోపల నాలుగు నుంచి ఎనిమిది గింజలు. పండిన కాయ రెండు చెక్కలుగా చీలుతుంది. ఈ కుటుంబపు కాయల్లో గింజ గింజకూ ఒక చిన్న కొక్కెం ఉండి, చీలేటప్పుడు గింజను బయటికి తోస్తుంది. కాయ నోరు తెరిచేదాకా ఆగితే గింజ బురదలో ఉంటుంది. మరీ పచ్చిగా కోస్తే గింజ ముడుచుకుపోతుంది. కింది కణుపులు గోధుమ రంగుకు వచ్చి, పైవాటిలో ఇంకా కాస్త పచ్చదనం ఉన్నప్పుడు కోయడం సరైన అదను.

మంచు పూర్తిగా ఆరిన తర్వాత, పది గంటలకు కొడవలితో మొదలు దాకా కోసి, మొక్కలను తార్పాలిన్ మీద పరిచి మూడు నాలుగు రోజులు ఎండబెట్టండి. రాత్రిపూట మంచు పడకుండా కప్పాలి. తడి తగిలితే ఈ గింజ పనికిరాకుండా పోతుంది: పైనున్న సన్నని నూగు నీరు పీల్చుకుని జిగురుగా మారి గింజలన్నీ ఒకదానికొకటి అంటుకుంటాయి. ఒకసారి ముద్ద కట్టిన గింజ మళ్ళీ ఎండబెట్టినా విడిపోదు.

ఎండిన కంపను పొడుగు కర్రతో కొట్టండి. చేత్తో నలపకండి, కాలితో తొక్కకండి. ఎండిన ముల్లు పచ్చి ముల్లు కన్నా చెడ్డది, ఒంట్లో విరిగి ఉండిపోతుంది. కొట్టాక పెద్ద పుల్లలు ఏరేసి, ముందు పెద్ద కంతల జల్లెడ, తర్వాత పిండి జల్లెడ పట్టండి. పెద్ద జల్లెడ ముళ్ళనూ తొడిమలనూ ఆపుతుంది, చిన్నది దుమ్మును రాలుస్తుంది. ఆ తర్వాత చేటతో చెరగాలి. గింజ బల్లపరుపుగా, తేలికగా ఉంటుంది కాబట్టి గాలి ఎక్కువగా ఉన్నప్పుడు తూర్పారపడితే పొట్టుతోపాటు గింజా ఎగిరిపోతుంది. గాలి లేని చోట మెల్లగా చెరగండి.

మిగిలిన ముళ్ళ చెత్తను ఎరువు గుంతలో వేయకండి. ఆకు కుళ్ళినా ముల్లు కుళ్ళడానికి చాలాకాలం పడుతుంది, ఆ ఎరువు చల్లిన మడిలో నాట్లు వేసేవాళ్ళ కాళ్ళకు దిగుతుంది. ఎవరూ నడవని మూల గొయ్యి తీసి పూడ్చండి.

గాజు సీసాలో, గట్టి మూత పెట్టి, తడి చెంచా తగలనీయకుండా నిలవ చేయాలి. వానాకాలంలో సీసా తెరిచి పెడితే గాలిలోని చెమ్మకే పైపొర ముద్ద కడుతుంది.

కొనేవాళ్ళు ఇలా పరీక్షించుకోవచ్చు. నాలుగు గింజలు నాలుక మీద వేసుకుంటే క్షణాల్లో జిగురు పుట్టి అంగిటికి అంటుకోవాలి. సబ్జా గింజలు కూడా ఉబ్బుతాయి, కాకపోతే నీళ్ళలో దేనికదే బూడిద రంగు బుడగలా విడివిడిగా తేలుతుంది. నీరుగొబ్బి గింజలు ఒకే ముద్దగా అతుక్కుంటాయి. ముదురు ఎరుపు, గోధుమ కలిసిన రంగు, గుండ్రటి బిళ్ళ ఆకారం ఉండాలి. నల్లటి కోల గింజలు కనిపిస్తే కల్తీ.

వాడకానికి ఒక చిన్న చెంచా, అంటే సుమారు 3 గ్రాములు, గ్లాసు గోరువెచ్చని పాలలో వేసి వెంటనే కలుపుతూ ఉండాలి. ఆగి కలిపితే అడుగున ముద్ద కడుతుంది. పది నిమిషాల తర్వాత పటికబెల్లం వేసి తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్ళు తాగండి. పొడిగా నోట్లో వేసుకుని మింగకూడదు, గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది. వేరే మాత్రలు వేసుకునేవాళ్ళు కనీసం రెండు గంటల ఎడం ఇవ్వాలి, జిగురు మందును పట్టి ఉంచుతుంది. ఆయుర్వేదంలో వాతరక్తానికి (కీళ్ళు వాచి నొప్పి పుట్టే జబ్బు), వాపులకు కోకిలాక్ష కషాయం వాడతారు. మొక్కను కాల్చిన బూడిదతో చేసే క్షారం లాంటివి వైద్యుడి చేతుల్లో ఉండాల్సినవి, ఇంట్లో చేయడానికి కాదు.

తొట్టిలో పెంచడం

మంచి నీటి చెరువు అందుబాటులో లేనివాళ్ళకు ఇదే సరైన దారి. అసలు కూర కోసం అయితే ఊళ్ళో ఉన్నవాళ్ళకైనా ఇదే మంచిది: నీళ్ళు మన చేతిలో ఉంటాయి, జలగ భయం లేదు.

అడుగున్నర వెడల్పు, అడుగు లోతు తొట్టి తీసుకోండి. అడుగున కంత పెట్టకుండా, పై అంచుకు మూడంగుళాల కింద పక్కన రెండు కంతలు పెట్టండి. ఎక్కువైన నీళ్ళు పోతాయి, కింద మట్టి ఎప్పుడూ తడిగా ఉంటుంది. రెండు పాళ్ళు బంకమట్టి లేదా మంచి చెరువు మట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి కంతల మట్టానికి నింపండి. పచ్చి పేడ వేస్తే నీళ్ళు కుళ్ళి వేళ్ళు నల్లబడతాయి. మట్టి మీద నీళ్ళు నిలవకుండా, బురదగా మాత్రం ఉంచండి. నిలిస్తే వారంలో దోమ పిల్లలు పుడతాయి.

దుకాణంలో కొన్న గింజ మొలుస్తుందో లేదో ముందు చూసుకోవాలి. తడి గుడ్డలో ఇరవై గింజలు చుట్టి నీడలో పెట్టండి, పది రోజుల్లో అయిదైనా మొలకెత్తకపోతే అది పాతది. మంచి గింజను చల్లే ముందు తడపకండి. ఒక చెంచా గింజకు పది చెంచాల పొడి ఇసుక కలిపి బురద మీద పలచగా చల్లి, అరచేత్తో మెల్లగా అద్దండి. మట్టి కప్పకండి, లోతుకు పోతే చిన్న గింజ పైకి రాలేదు. వేడిగా ఉన్న రోజుల్లో వారం పది రోజుల్లో మొలక కనిపిస్తుంది. పైనుంచి నీళ్ళు పోస్తే గింజలు ఒక మూలకు కొట్టుకుపోతాయి, గిన్నెతో అంచు నుంచి పోయండి. మొలకలు నాలుగు ఆకులకు వచ్చాక తొట్టికి రెండు ఉంచి మిగతావి తీసేయండి.

కొమ్మ నాటడం ఇంకా తేలిక. మొగ్గ లేని చిగురు కొమ్మ ఆరంగుళాలు కోసి, కింది రెండు కణుపుల ఆకులనూ ముళ్ళనూ కత్తెరతో తీసేసి, ఆ కణుపులు బురదలో మునిగేలా గుచ్చండి. వారం రోజులు నీడలో ఉంచండి. వేళ్ళు కణుపుల్లోంచే వస్తాయి. కొత్త చిగురు కదిలితే పట్టుకున్నట్టు, అప్పుడు ఎండలోకి మార్చండి. రోజుకు అయిదారు గంటల ఎండ లేకపోతే కాడ సన్నగా సాగి వాలిపోతుంది.

మొక్క చిన్నగానే ఉండి ముళ్ళు ఎక్కువ, ఆకు తక్కువ అయితే మట్టి ఆరిపోతోందని అర్థం. ఆకు పాలిపోతే పిడికెడు మాగిన ఎరువు మట్టిలో కలపండి. చిగురు తుంచడం మానేస్తే నవంబరులో పూత వచ్చి ఆకు ఆగిపోతుంది. పిల్లలు తిరిగే చోట తొట్టిని గోడ వైపు, నడుము ఎత్తున పెట్టండి.

గట్టు మీద కలుపుగా వచ్చినప్పుడు

వరి రైతుకు ఇది ఇబ్బందే. కోతల నాటికి గట్టు మీద, మడి మూలల్లో ఎండిన ముళ్ళు కోసేవాళ్ళ చేతులు చీరేస్తాయి. పశువులు మేయవు కాబట్టి గుబురు తగ్గదు. దీనికి మందు అక్కర్లేదు. మొదటి కలుపు తీతలో, మొక్క జానెడు ఉండి ముల్లు గట్టిపడక ముందు, పదునులో వేరుతో లాగేస్తే సులువుగా వస్తుంది. అప్పుడు తప్పిపోతే పూత సమయంలో మొదలంటా కోయండి. గింజ పడితే మాత్రం రెండుమూడేళ్ళు వెంటపడుతుంది. మడిలోవి, నడిచే గట్టు మీదివి తీసేసి, చెరువు వైపు ఎవరూ నడవని అంచున ఉన్న నాలుగు మొక్కలను ఉంచితే కూరకూ గింజకూ సీతాకోకచిలుకలకూ అవి సరిపోతాయి.

ముల్లు దిగితే వెంటనే లాగేసి సబ్బు నీళ్ళతో కడగండి. విరిగి లోపల ఉంటే గోరువెచ్చని ఉప్పు నీళ్ళలో పావుగంట నానబెట్టి, మరిగించిన పట్టకారుతో, దిగిన వైపు నుంచే లాగండి. బురదలో తగిలిన ముల్లు కాబట్టి ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి. అయిదేళ్ళు దాటితే ఆసుపత్రికి వెళ్ళి వేయించుకోండి. కీలు దగ్గర దిగిన ముల్లు రెండు రోజుల్లో వాపు తగ్గకపోతే ఇంట్లో కెలక్కుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.